పైకొమ్మ పండ్లు

మా ఊరి గుట్ట మీద మొర్రిచెట్టు ఎంత కాసినా, పైకొమ్మ పండ్లను ఎవరూ కోయరు. అవి గుట్ట వంతు. దోటి అందినా సరే, మా అమ్మ కింది కొమ్మల వరకే లాగి, ఒడి నిండకపోయినా దిగి వచ్చేది. నడి ఎండకాలంలో నల్లగా మాగే ఆ చిన్న పండ్లు తింటూనే నా బడి సెలవులు గడిచాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. వేడి పెరిగే కొద్దీ కొండల మీది అడవి మెల్లగా పైకి జరుగుతుందని వృక్షశాస్త్రం పాఠంలో విన్నాను. చెట్టు కదలదు. దాని గింజ వేడి చోట మొలవక, కొంచెం చల్లని చోట మొలుస్తుంది. తరాలు గడిచేసరికి అడవి ఉన్న చోటే మారిపోతుంది. ఆ పాఠం వింటున్నంతసేపూ నాకు మా గుట్టే కళ్ల ముందు ఉంది. అమ్మ చిన్నతనంలో మొర్రిచెట్లు గుట్ట మొదట్లో, చేల గట్ల దాకా ఉండేవట. నాకు ఊహ తెలిసేనాటికి సగం ఎత్తులోనే మిగిలాయి. నేను బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పరీక్షల గదిలో ఉద్యోగానికి చేరేనాటికి, గుట్ట నెత్తిన బండల మధ్య ఒక్క చెట్టు మాత్రమే కాస్తూ ఉంది. దానికి పైన ఇక గుట్ట లేదు.

ఆ వేసవిలో చెట్టు చుట్టూ వెతికితే ఒక్క పిల్లమొక్క కనిపించలేదు. చెట్టు పోయేలోగా దాని సంతానాన్ని నిలబెట్టాలని నాకు ఆత్రం పుట్టింది. పండ్లన్నీ కోసి, గింజలు మొలిపించి, వానలు పడగానే తెచ్చి నాటాలనుకున్నాను. బాగా మాగినవి పైకొమ్మకే ఉన్నాయి.

"పైకొమ్మ జోలికి పోకు బిడ్డా," అన్నది అమ్మ.

"పిట్టలు తిని యాడనో ఇడుస్తయి. బండ మీద పడితె మొలుస్తదా అమ్మా? నేనైతే సంచిల పెట్టి మొలిపిస్త."

వెంట వచ్చిన పెద్దమ్మ నవ్వింది. "ఇన్నొద్దులు పిట్టలు డిగ్రీ చేసి పెంచినయా ఏందే అడివిని? ఇగ నీ బిడ్డ వాటి నౌకరి గుంజుకుంటది."

"జెర ఊకో అక్కా," అని అమ్మ నా వైపు తిరిగింది. "సదువుకున్నదానివి. నీకెర్కనే ఉంటది తియ్యి."

దోటి నా చేతికిచ్చింది. నేను ఆ కొమ్మను ఒక్క పండు లేకుండా దులిపాను.

ఇస్నాపూర్‌లో నా కిరాయి గది డాబా మీద నల్ల సంచుల్లో గింజలు పెట్టాను. పెంకు గట్టిది కావడంతో చాలావరకు మురిగిపోయాయి. పదకొండు మొలిచాయి. కంపెనీ బస్సు వచ్చేలోగా రోజూ వాటికి నీళ్లు పోసేదాన్ని. మొదటి వాన పడగానే సెలవు పెట్టి, గంపలో పెట్టుకొని షేర్ ఆటోలో తీసుకెళ్లి, అమ్మతో కలిసి గుట్ట మీద నాటాను.

ఆ వాన ఒక్క రోజు కుండపోతగా కురిసి మాయమైంది. ఆ తరువాత వారాల తరబడి ఎండ వేసవిలా కాసింది. నాకు షిఫ్టులు. అమ్మ మోకాళ్ల నొప్పితోనే బిందె ఎత్తుకొని గుట్ట ఎక్కింది. ఆదివారం నేను వెళ్లేసరికి పదకొండూ ఎండిపోయి అగ్గిపుల్లల్లా నిలబడి ఉన్నాయి. రోజూ పోసే నీటికి అలవాటుపడిన వేళ్లు బండ సందుల్లోకి దిగనే లేదు.

మరుసటి ఏడు చెట్టు ముందుగానే పూసింది. ఎండలు కూడా ముందే ముదిరి పూత రాలిపోయింది. ఈ ఏడు చిగురే రాలేదు. అమ్మ గోటితో బెరడు గీరి చూసింది. లోపల పచ్చదనం లేదు.

అయినా అమ్మ వంగి బండల సందులన్నీ చూడసాగింది. "పిట్టలేసినయి యాడనన్న ఒక్కటన్న ఉంటది. నువ్వా దిక్కు సూడు."

అమ్మ కళ్ల ముందు జరిగిందే అయినా, అప్పుడు చెప్పక తప్పలేదు. "అది ఆఖరుగ కాసిన ఏడు పిట్టలకేం మిగల్చలే అమ్మా. నేనే అన్ని తెంపిన."

అమ్మ నడుము ఎత్తి నన్ను చూసింది. కోప్పడుతుందేమోనని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండేది.

"బతికియ్యాలెననే గద చేసినవ్," అన్నది.

పిట్టలకు వదిలి ఉంటే ఒక్క గింజ అయినా సందులో పడి, మంచి వాన వచ్చేదాకా ఆగి మొలిచేదో లేదో నాకు తెలియదు. నేను చదివిన పుస్తకాల్లో మా గుట్ట లేదు.

ఎండ ముదిరేదాకా ఇద్దరం వెతికాం. ముళ్లపొదలు తప్ప ఏమీ దొరకలేదు. దిగేటప్పుడు అమ్మ నా భుజం పట్టుకున్నది.

"అవతలి దిక్కు సూడనే లేదు. మల్ల ఆదివారం వస్తవా?"

అవతలి దిక్కంతా ఉత్త బండేనని ఇద్దరికీ తెలుసు. వస్తానన్నాను.