తోర్ఫి అడిగిన పేరు

సల్వోర్ బ్యార్నదోత్తిర్ పొద్దున్నే లేచి, ఎవరినీ పలకరించకుండా ముందు గడప దాటేది. తూర్పుకు తిరిగి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, ఆ రోజును ప్రభువుకు అప్పగించి, లోపలికి వచ్చాకే మొదటి మాట మాట్లాడేది. మాది పక్కిల్లు కాబట్టి రోజూ కనిపించేది. ఆ చలికాలం మాత్రం ఆమె తూర్పుకు తిరగలేదు. సముద్రం వైపు తిరిగి, గుండె మీద చేయి ఉంచుకుని అలాగే నిలబడిపోయేది.

ఆమె భర్త తోర్ఫి, మరో అయిదుగురు చేపలకు వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఒక తెడ్డు గానీ, చెక్క ముక్క గానీ ఒడ్డుకు కొట్టుకురాలేదు. అందుకని ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. మునుపొకసారి ఇలాగే సముద్రంలో తప్పిపోయిన మావాళ్ళను ఫ్రెంచి ఓడ ఒకటి ఎక్కించుకుపోయి, వేసవిలో గడ్డికోతల వేళకు తెచ్చి దింపింది. ఆ ఆశతోనే ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మగవాళ్ళ కోసం ఉన్ని మేజోళ్ళు అల్లుతూనే ఉన్నారు.

సల్వోర్ అప్పటికి నిండు చూలాలు. అయినా పొయ్యి మీద రొట్టె కాల్చిన రోజున సగం క్రిస్త్రూన్ ఇంటికి పట్టుకెళ్ళేది. క్రిస్త్రూన్ భర్త కూడా ఆ పడవలోనే వెళ్ళాడు. ఇంట్లో చిన్నపిల్లలు. ఆమెకు పిడకలు అయిపోయాయని తెలిస్తే, అడగకముందే బుట్టెడు గుమ్మంలో పెట్టి వచ్చేది.

"నీ పొట్ట చూస్తుంటే బిడ్డ కాదే, దూడ పుట్టేలా ఉంది," అని క్రిస్త్రూన్ ఆటపట్టించేది.

"పుట్టనీ. పాలిచ్చే రోజున నీకూ ఓ గిన్నె పోస్తాను."

ఒకసారి క్రిస్త్రూన్ నవ్వుతూ నవ్వుతూనే గొంతు తగ్గించింది. "పేరేం అనుకున్నావే?"

"బాప్తిస్మం రోజున వింటావుగా. ముందే చెబుతారా ఎక్కడైనా?"

"నీ ఇష్టం వచ్చింది పెట్టుకో తల్లీ. ఆ ఒక్క పేరు మాత్రం వద్దు."

ఏ పేరో ఆమె చెప్పలేదు. చెప్పనక్కరలేదు. మాకు ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే బిడ్డ పేరు వెనక నడుస్తుంది. తోర్ఫికి పుట్టిన కొడుకు తోర్ఫాసన్. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం వాడుక కాబట్టి, చనిపోయిన తోర్ఫి తండ్రి పేరుతో వాడు ఇల్లుగి తోర్ఫాసన్ అవుతాడని అందరం అనుకున్నాం. తండ్రి బతికుండగా కొడుక్కి ఆ తండ్రి పేరే పెట్టడం మా తీరంలో లేదు. తోర్ఫి తోర్ఫాసన్ అన్నారంటే, బిడ్డ పుట్టకముందే తండ్రి పోయాడని చర్చిలో చాటినట్టే. ఆ పడవలో ఉన్న మిగతావాళ్ళ సంగతీ చాటినట్టే.

మగబిడ్డ పుట్టాడు. పాలు తాగలేదు. రొమ్ము నోటికి అందిస్తే మొహం తిప్పుకుని తలుపు వైపు చూసేవాడు. వేళ్ళ కొనలు నీలంగా ఉండేవి. నేను వేడి రాళ్ళకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాను, ప్రార్థన చేశాను. బిడ్డ రోజురోజుకూ తేలికైపోతున్నాడు. ఆదివారమే బాప్తిస్మం ఇవ్వాలని పాస్టరుగారికి కబురు పంపారు.

ఆ శనివారం నేను అక్కడే ఉన్నాను. తోర్ఫి తల్లి సైయున్ కాఫీ కాస్తూ, వెనక్కి తిరగకుండానే అడిగింది. "అమ్మాయ్, నీకు కలలో ఎవరైనా వచ్చారా?"

సల్వోర్ బిడ్డ మీది గుడ్డ సర్దింది.

మాలో చనిపోయినవాళ్ళు చూలాలి కలలోకి వచ్చి ఉండటానికి చోటు అడిగితే, తమ పేరు బిడ్డకు పెట్టమని అడిగినట్టు. ఇవ్వకపోతే బిడ్డ నిలవడని పెద్దల భయం. బతికున్నవాళ్ళు అలా వచ్చి అడగరు. కలలు దేవుని వాక్యం కావని పాస్టరుగారు అంటారు. యోసేపుతో దేవుడు కలలోనే మాట్లాడాడు కదా అని నాకు అనిపిస్తుంది.

"మీ మామ వచ్చాడా? ఆయనకు అన్నిటికీ తొందరే," అంది సైయున్.

"మామయ్య కాదు అత్తా."

"మరి?"

"తడిబట్టలతో వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు. 'కాస్త జరుగు సల్వోర్, నాక్కూడా చోటివ్వు' అన్నాడు."

సైయున్ ఎవరని అడగలేదు. "ఎప్పుడు?" అంది.

"క్రిస్మస్‌కు ముందు."

"ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావా!"

"చెబితే నిజమైపోతుందని భయం వేసింది. నాకొక్కదానికే కాదు, నీకూ. వాళ్ళందరికీ."

సైయున్ కాఫీ దించింది. కప్పులు తీసింది, మళ్ళీ అరలో పెట్టేసింది. "నా కొడుకు చిన్నప్పుడు కూడా రెండో రొట్టె అడిగేవాడు కాదు," అంది చివరకు. "ఇప్పుడు నోరు తెరిచి అడిగాడంటే ఇచ్చెయ్. మనవణ్ణి కూడా పోగొట్టుకోలేనే."

ఆదివారం చర్చిలో బిడ్డను ఎత్తుకుని పేరు చెప్పే పని నాకు ఒప్పజెప్పారు. నేను నల్ల శాలువా కప్పుకుని వెళ్ళేసరికి సల్వోర్ బిడ్డను ఉన్నిగుడ్డలో చుడుతోంది.

"వీణ్ణి సైయున్ ఎత్తుకుంటుంది. పేరు నేనే చెబుతాను," అంది. "నీకు వేరే పని ఉంది."

తెరిచిన తలుపులోంచి దారి కనిపిస్తోంది. క్రిస్త్రూన్ పిల్లలను ముందు నడిపించుకుంటూ చర్చికి వెళుతోంది. భర్త కోసం అల్లిన కొత్త చేతితొడుగులు తానే వేసుకుంది. అవి ఆమె వేళ్ళకు పెద్దవి. మమ్మల్ని చూసి చేయి ఊపి, "దూడను తొందరగా తీసుకురండే, చలి!" అని అరిచింది.

సల్వోర్ కూడా చేయి ఊపింది. తర్వాత నా మోచేయి పట్టుకుంది.

"నువ్వు క్రిస్త్రూన్ పక్కన కూర్చో. పాస్టరుగారు నీళ్ళలో చేయి పెట్టగానే ఆమె చేయి పట్టుకో. నేను పేరు చెప్పాక కాదు, అంతకు ముందే. ఏం జరిగినా వదలకు. నాకు ఈ ఒక్క సాయం చెయ్యి."