తొమ్మిది ఖాళీ గళ్ళు

ఆసుపత్రిలో ఆ నర్సును అందరూ ఫోనమ్మ అంటారు. పిల్లల సర్జరీ విభాగంలో ఆవిడ పని ఫోన్లు చేయడమే మరి. అక్కడ ఏ వైద్యం మేలో తేల్చడానికి, అపెండిక్స్ వాచిన పిల్లల్లో సగంమందికి ఆపరేషన్ చేశారు, సగంమందికి కోత లేకుండా మందులిచ్చారు. ఎవరికి ఏదన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తేల్చింది. ఏడాది తిరిగాక ఎలా ఉన్నారో అడిగి రాసుకోవాలి. మందులు వాడిన అరవైమందిలో యాభైఒక్కరు పలికారు. నలభైఆరుగురికి నొప్పి మళ్ళీ రాలేదు. మిగతా తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తరు; పట్టికలో వాళ్ళ గళ్ళు ఖాళీగానే ఉన్నాయి.

"రానివాళ్ళు బాగున్నట్టే కదమ్మా. బాగోకపోతే పరిగెత్తుకు రారూ?" అన్నాడు పెద్ద డాక్టరు. సోమవారం ఈ లెక్క వైద్య పత్రికకు పంపేయాలి. దాన్ని నమ్మి ఇంకెన్ని ఆసుపత్రులు కత్తి పక్కన పెడతాయో!

ఫోనమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. "నీకెందుకే లేనిపోని తలనొప్పి?" అని అక్క కసిరింది. నిజమే, ఎందుకు? అయినా మనసు ఊరుకోదే! శనివారం సెలవు పెట్టి ఒక చిరునామా వెతుక్కుంటూ పోయింది.

తలుపు తీసిన తల్లి ఆవిడను చూసి తడబడింది. ఏడేళ్ళ కూతురు మాత్రం గెంతుతూ వచ్చి, చొక్కా కాస్త పైకెత్తి కుట్ల మచ్చ గొప్పగా చూపించింది.

"మూడు నెలలకే నొప్పి తిరగబెట్టింది. వేరేచోట ఆపరేషన్ చేయించాం" అంది తల్లి.

"మాకొక్క మాట చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను సిస్టరుగారూ? మీ డాక్టరుగారు దీన్ని ఎత్తుకుని వార్డంతా తిప్పారు. అంత మంచాయనకి మీ మందు పనిచేయలేదని ఏ నోటితో చెప్పను?"

ఫోనమ్మకు అప్పుడు తట్టింది. బాగున్నవాళ్ళు సంబరంగా ఫోనెత్తారు, బాగోలేనివాళ్ళలో కొందరు మొహమాటంతో దాక్కున్నారు! ఆదివారం మరో మూడు గుమ్మాలెక్కింది. రెండుచోట్ల ఇదే కథ.

సోమవారం పొద్దున్నే డాక్టరు ముందు నిలబడింది. "నలుగురు దొరికారు సార్. ముగ్గురికి ఆపరేషనైంది."

ఆయన మొహం వాడిపోయింది. "నన్ను తిట్టారా?"

"అయ్యో, లేదు సార్. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదంతే."

ఆయన పంపాల్సిన లెక్కను సొరుగులో పడేశాడు. "ఇంకా ఐదుగురున్నారుగా. పదమ్మా, నేనూ వస్తాను."

"మీరొద్దు సార్" అంది ఫోనమ్మ. "మిమ్మల్ని గుమ్మంలో చూస్తే బాగున్నామనే చెబుతారు."