నేను వెయ్యని పిడికెడు

దయ్యాలన్నా దర్శనాలన్నా నాకు ఒళ్ళు మంట. కలలో వెలుగు కనిపించిందని సంఘంలో ఎవరో సాక్ష్యం చెబితే, ఆ రాత్రి ఏం తిన్నారని అడిగి పాస్టరమ్మ చేత చీవాట్లు తిన్నదాన్ని. కాలేజీలో నేను చదివింది తర్కశాస్త్రం. అందుకని దీన్ని నమ్మమని మిమ్మల్ని అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హైదరాబాదులో జాగీర్లు రద్దయిన మరుసటి ఏడు. మా ఆయన ఒక జాగీరు దఫ్తరులో ఉర్దూ గుమాస్తా. దఫ్తరు మూతపడింది, ఆయన ఇంట్లో పడ్డాడు. గౌలిపురలో రెండు గదుల ఇల్లు, ముగ్గురు పిల్లలు, పక్షవాతంతో మంచం పట్టిన అత్తమ్మ. రేషను బియ్యం వారం చివరిదాకా వచ్చేవి కావు.

మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక అలవాటుంది. వండే ప్రతిసారీ ముందుగా ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని డబ్బాలో వేస్తాం. శనివారం మధ్యాహ్నం బైబిలు స్త్రీ రత్నమ్మ సంచితో వచ్చి, ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసి, లేనివాళ్ళకు ఇస్తుంది.

ఒక సోమవారం మా చిన్నది ఇంకొంచెం అన్నం అడిగింది. లేదు. ఆ పూటే పిడికెడు మానేశాను. డబ్బాలో ఉన్న గింజలు కుండలో పోసి, డబ్బా కడిగి, తుడిచి, మూత పెట్టాను. పిల్లల నోటి దగ్గరిది అడిగే దేవుడితో నాకు పనిలేదని అత్తమ్మ మొహానే చెప్పాను.

ఆమె నవ్వింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా, ఆయన ఇడిసిపెట్టడు. గన్ని బుక్కులు సదివినవ్, చాలు అనుడు నేర్వలేదా?"

ప్రతిదానికీ ఆమె అనే ఆ 'చాలు' వింటే నాకు కంపరం.

శనివారం రత్నమ్మ వచ్చింది. ఖాళీ డబ్బా చూపించి నాలుగు మాటలు అందామని మూత తీశాను. నిండా బియ్యం. నేను నోరు తెరిచేలోపు ఆమె సంచిలో పోసుకుని వెళ్ళిపోయింది.

అవి మా రేషను బియ్యంలాంటివే. అవే ఎర్ర గింజలు, అవే రాళ్ళు. కానీ మా కుండలోవి పూటపూటా సోలతో కొలిచేది నేనే. అందులో తగ్గలేదు. పెరగనూ లేదు, అదీ చెబుతున్నాను. మా ఆయన్ని నిలదీశాను, పిల్లల్ని బెదిరించాను. అత్తమ్మ మంచం దిగలేదు.

రెండో వారం ఖాళీ డబ్బాను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. స్నానానికి వెళ్ళినా వదల్లేదు. శనివారం రత్నమ్మ కళ్ళముందే పెట్టె తెరిచాను.

మళ్ళీ నిండా.

ఇవి నేనిచ్చినవి కావు, ముట్టుకోవద్దని ఆమెతో లొల్లి పెట్టుకున్నాను. అంతా విని ఆమె నెమ్మదిగా అంది. "నువ్వియ్యకుంటే ఎవరిచ్చిండ్రమ్మా? నీ ఇంట్ల, నీ పెట్టెల, నీ తాళం కింద."

డబ్బా తీసి సంచిలో గుమ్మరించింది. ఆ సంచినే నా ముందుకు జరిపింది. ఈ వారం పోగైన బియ్యం మా ఇంటికే ఇవ్వాలని సంఘపెద్దలు అనుకున్నారట. అందరి ఇళ్ళవీ, మా డబ్బాలోవీ అప్పటికే కలిసిపోయాయి.

వద్దన్నాను. మాకింకా అంత గతి పట్టలేదన్నాను. లోపలి నుంచి చిన్నది పిలిచింది. తీసుకున్నాను.

ఆ రోజు అందరం కడుపునిండా తిన్నాం. మర్నాటి నుంచి మళ్ళీ పిడికెడు వేశాను. నేను వేసినదానికి ఒక్క గింజ ఎక్కువ కాలేదు, ఇంకెప్పుడూ. ఎనిమిది నెలలకు మా ఆయనకు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పని దొరికింది, సగం జీతానికి. అత్తమ్మ దానికీ చాలంది. ఆ మాటతోనే పోయింది.

రత్నమ్మ అది దేవుని పని అంటుంది. అయి ఉండొచ్చు. నేను ఇవ్వనని మొండికేసిన రెండు వారాలూ ఎవరో నా పేరున ఇస్తూనే ఉన్నారు. ఆ బియ్యం వండుకు తిన్నదాన్నీ నేనే.

ఇప్పుడు ఎసరు పెట్టేటప్పుడు, రేపటికి ఉన్నాయా అని కుండలోకి తొంగిచూడను. అది నమ్మకమో భయమో నన్ను అడగొద్దు.