దూతను అంపి, తంతి అంపి

డెబ్బయ్యో దశకం చివర్లో, మే నెల ఎండల్లో, నన్ను చిత్తూరు స్పెషల్ బ్రాంచికి సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అది యూనిఫారం లేని ఉద్యోగం. మేం ఎవరినీ అరెస్టు చేయం. సభలకు వెళ్లి, విని, డీఎస్పీ గారికి రిపోర్టు ఇస్తాం. మనుషుల్ని అనుమానించడానికే ప్రభుత్వం నాకు జీతమిస్తోందని నేను గట్టిగా నమ్మేవాణ్ని.

చేరిన కొద్ది రోజులకే నగరి వైపు ఒక ఊరి మునసబు నుంచి పిటిషన్ వచ్చింది. ఊరవతల అరుంధతివాడలో మునిరత్నం అనే ప్రభుత్వ స్కూలు టీచరు రహస్య సంఘం పెట్టాడనీ, వైశాఖ పున్నమికి బుద్ధుడి పండగ పేరు చెప్పి జనంతో ప్రమాణాలు చేయించబోతున్నాడనీ దాని సారాంశం. మునసబు పొలంలో పనిచేసే సేద్యగాడు కంచె ఇవతల నిలబడి వాళ్ల మాటలు చెవులారా విన్నాడట. 'దూతను అంపి సంఘం శరణం, తంతి అంపి సంఘం శరణం.' అంపడమంటే మా సీమలో పంపడం, తంతి అంటే టెలిగ్రాం.

సంఘం అనే మాట ఒక్కటి చాలు, ఆ రోజుల్లో మా శాఖకు నిద్ర పట్టేది కాదు. పైగా దూతలు, టెలిగ్రాములు. నా రిపోర్టు కాస్త అటూ ఇటూ అయితే మాస్టారు సస్పెండు కావడం ఖాయం. ఆ వాడ మొత్తానికి సర్కారు ఉద్యోగం ఉన్నది ఆయనొక్కడికే.

ముందుగా పోస్టాఫీసుకు వెళ్లి, ఆ వాడ నుంచి టెలిగ్రాములు ఏమైనా పోతున్నాయా అని పోస్టుమాస్టరును నోటిమాటగా అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను తేరిపార చూశాడు. "ఆ వాడోళ్లు తంతి ఎవురికి ఇస్తారు సార్? సావుకబురు కూడా నడిసిపొయ్యే సెప్పొస్తారు" అన్నాడు. నాకు అనుమానం తీరలేదు. టెలిగ్రాం ఇవ్వలేదంటే దూతనే పంపుతున్నారేమో అనుకున్నాను.

పున్నమి సాయంత్రం మఫ్టీలో వెళ్లాను. పంచె కట్టాను, కండువా వేశాను, కాళ్లకు మాత్రం అలవాటు చొప్పున ఎర్ర బూట్లు తొడుక్కున్నాను. పందిరి బయట విడిచిన చెప్పుల మధ్య వాటిని చూసి, పాయసం పంచుతున్న ఎల్లమ్మ అనే ముసలామె, "ఈ బూట్లు మన వాడవి గావే అప్పా" అంది. అందరూ తిరిగి నన్ను చూశారు. ఆ చూపుల్లో అనుమానం నా అనుమానానికి ఏమీ తీసిపోదు.

తెల్లబట్టలు కట్టుకున్న జనం బుద్ధుడి పటం ముందు చేతులు జోడించి కూర్చున్నారు. మునిరత్నం మాస్టారు చెబుతుంటే అందరూ అందుకున్నారు. "దుతియంపి సంఘం శరణం గచ్ఛామి. తతియంపి సంఘం శరణం గచ్ఛామి." సేద్యగాడి చెవిని తప్పుపట్టలేం. నాక్కూడా మొదట దూత, తంతి అన్నట్టే వినిపించింది.

అయిపోయాక మాస్టారే నా దగ్గరికి వచ్చాడు. అది పాళీ భాష అనీ, దుతియంపి అంటే రెండోసారి కూడా, తతియంపి అంటే మూడోసారి కూడా అనీ, సంఘమంటే భిక్షువుల సంఘమనీ చెప్పాడు. మా పద్ధతి ప్రకారం మరో నలుగుర్ని విడివిడిగా అడిగాను. నలుగురూ అచ్చం అదే చెప్పారు. అందరూ ఒకే మాట చెబితే పోలీసుకు అనుమానం రెట్టింపవుతుంది, ముందే నేర్పి పెట్టారని.

చివరికి ఎల్లమ్మను అడిగాను.

"అర్థాలు నాకేం తెలుసు నాయనా. మూడుతూర్లు సెప్తే మాట తప్పకూడదంట. మా ఇంటాయన తాగేది ఇడిసిపెట్టినాడు. జీవం తియ్యకూడదని ఇంకో మాటుండాది గదా, అందుకని జాతరలో దున్నపోతును కొట్టేటప్పుడు పలక డప్పు వాయించేది కూడా ఇడిసిపెట్టినాడు. ఈ తూరి వాడలో ఎవురూ పోరు."

జాతర ఎప్పుడని అడిగాను. వచ్చే మంగళవారమే, జరిపించేది మునసబే అంది.

నేను వెతుకుతున్న రహస్యం అది కాదు, కానీ దొరికింది అదే. అనుమానించాల్సిన మనిషి పందిట్లో లేడని తెలిసి, నా మీద నాకే చిరాకు వేసింది.

తిరుగుదారిలో మునసబు ఇంటికి వెళ్లి, దూతా లేదు, తంతీ లేదు, అది ఒట్టి ప్రార్థన, అదే డీఎస్పీ గారికి రాస్తున్నానని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. సంఘం సంగతి, మాస్టారి సంగతి ఒక్క ముక్క కూడా అడగలేదు.

"అట్లయితే మంగళవారం పలక ఎవురు కొట్టాల సార్?" అన్నాడు.

మాస్టారి ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత నా సర్వీసులో ఏ పిటిషన్ చేతికొచ్చినా, అందులో రాసిన నేరం జోలికి పోకముందు, రాసినవాడికి ఏ పని ఆగిపోయిందో కనుక్కునేవాణ్ని.