కుంటుతూ వెళ్లిన కాలేజీ

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కూతకు వెళితే నన్ను పట్టుకోవడం కష్టమని మా అనకాపల్లిలో కబడ్డీ ఆడేవాళ్లంతా అనేవారు. ఆ మాట విని, నా పదో తరగతి పరీక్షలయ్యాక, విశాఖలోని ఒక కాలేజీ అమ్మాయిల జట్టు కోచ్ మా ఇంటికే వచ్చాడు. సీటు, హాస్టలు ఉచితమన్నాడు. నా పేరు రాయించిన జెర్సీ చేతిలో పెట్టాడు. బెల్లం మార్కెట్లో పనిచేసే మా నాన్న ఆ సంతోషంలో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పక్కింటి అక్క మాత్రం సంతోషించలేదు. ఆమె కూడా ఒకప్పుడు కబడ్డీ ఆడింది. ఎందుకు మానేసిందో ఎప్పుడూ చెప్పలేదు. "సంతకం ఎట్టే ముందు ఓసారి సూసొద్దాం రా" అని నన్ను బస్సెక్కించింది. కాలేజీ గేటు ముందు ఆగి, "ఇక్కడ్నించి కుంటుకుంటా నడు. ఎవరడిగినా మోకాలు బెణికిందని సెప్పు," అంది. ఎందుకని అడిగేలోపే గేటు దాటేసింది.

కోచ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. నా నడక చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. నొప్పిగా ఉందా అని అడగలేదు, కూర్చోమనలేదు. "తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుంది? వచ్చే నెల్లో మ్యాచ్‌లున్నాయి," అన్నాడు. తెలీదంది అక్క. "అయితే తగ్గాక కబురు చెయ్యండి. అప్పటికి సీటుంటే చూద్దాం," అంటూ చేతిలోని అడ్మిషన్ ఫారం మడిచి జేబులో పెట్టుకుని మైదానంవైపు వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నువ్వు నాటకం ఆడేవు. నేనూ ఇలాటి సీటుమీదే సేరి, నిజంగానే కుంటేను. వారం తిరక్కుండా నా పెట్టి తెచ్చి హాస్టలు వరండాలో ఎట్టేసేరు," అంది.

చేతికొచ్చిన సీటు పోగొట్టిందని నాన్న అక్కతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. నేను కోచ్‌కి మళ్లీ కబురు చెయ్యలేదు, ఊళ్లోని కాలేజీలోనే చేరాను. చదువు బాగానే సాగింది, ఆట జిల్లా దాటలేదు. అక్కడ చేరి ఉంటే ఎంత దూరం వెళ్లేదాన్నో అన్న దిగులు ఇప్పటికీ ఉంది. అక్క చేసింది మంచేనని తెలిసినా అది పోదు.

ఇప్పుడు నేనే ఒక స్కూల్లో పీఈటీని. ఏ కాలేజీలో చేరమంటారని ఆడే పిల్లలు అడిగితే, అక్కడ దెబ్బ తగిలి ఆట ఆగిపోయిన వాళ్లెవరైనా ఉంటే వెతికి మాట్లాడమంటాను. పోయినేడాది మ్యాచ్ మధ్యలో మా జట్టు పిల్ల చెయ్యి విరిగింది. ఆమె దగ్గరికి పరిగెత్తే ముందు, బదులుగా ఎవరిని దించాలా అని ఆలోచించాను. ఒక్క క్షణమే. ఆ క్షణం నన్నింకా వదల్లేదు.