సూది వేసిన మర్నాడు

కరీంనగర్ బస్టాండు వెనక మందుల దుకాణంలో పెద్దాయన దూదిని స్పిరిట్‌లో ముంచి నా మోచేతికి అద్దాడు. చురుక్కుమంది. ఆ మంట కంటే ముందే వాసన తగిలింది. ముప్పై ఎనిమిదేళ్లు ఆ వాసనలోనే బతికినదాన్ని. నర్సు ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది కాలేదు, అప్పుడే దానికి కొత్తదాన్నయిపోయానేమిటి అనుకున్నాను. ఖమ్మం నుంచి ఒంటరిగా సైకిల్ మీద బయలుదేరి ఇది ఆరో రోజు. ఆదిలాబాద్ చేరి, మరో దారిన తిరిగి రావాలి. ఉద్యోగం కోసం తొక్కిన దారుల్ని ఒక్కసారి నా కోసం తొక్కాలన్నది కోరిక. నిన్న హుజూరాబాద్ దాటాక కంకర మీద జారిపడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది, మోకాలు వాచింది.

"ఇయ్యాల సైకిల్ ముట్టకమ్మా. జర ఒక్క దినం కూసో. ఆదిలాబాద్ ఏమన్న ఉరికిపోతదా?" అన్నాడు పెద్దాయన మోకాలికి పట్టీ చుడుతూ. లోపలున్న భార్యతో ఉర్దూలో ఏదో అని నవ్వాడు. నా గురించే అయి ఉంటుంది. అరవై ఒక్కేళ్ల ఆడమనిషి, నెత్తిన హెల్మెట్టు, కాళ్లకు బూట్లు. నవ్వుకోనీ అనుకున్నాను.

కూర్చోవడం నాకు చేతకాదు. లాడ్జికి వచ్చి సైకిల్ చైను తుడిచాను. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ తుడిచాను. రేపటి దారి ఫోన్లో చూశాను, ఆరని బట్టల్ని అటు తిప్పి ఇటు ఆరేశాను, సైకిల్ ఉందో లేదోనని కుంటుకుంటూ మూడుసార్లు మెట్లు దిగాను. చూస్తే పదకొండు కూడా కాలేదు. సుగుణ సిస్టర్ పక్కన ఉండి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "కాలుగాలిన పిల్లి లెక్క ఎందుకు తిరుగుతున్నవే పిల్లా?" అనేది.

అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, జైనూర్ వైపు ఒక సబ్ సెంటర్‌లో కొత్త నర్సుగా చేరినప్పుడు ఆమె నాకు సూపర్‌వైజరు. మెథడిస్టు మిషన్ వాళ్ల కుటుంబం, తండ్రి వ్యవసాయ కూలీ. పొట్టి మనిషి. తెల్లచీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపి, టీకాల ఐస్ డబ్బాను పాత ట్యూబు ముక్కతో క్యారియర్‌కి బిగించి, అడవి దారిలో సైకిల్ మీద వెళ్లిపోయేది. నాకు సైకిల్ నేర్పింది ఆమే. నేర్పడమంటే సీటు పట్టుకుని వెంట పరుగెత్తడం కాదు. గట్టు మీద కూర్చుని పల్లికాయలు ఒలుచుకుంటూ, నేను పడ్డప్పుడల్లా "లే, లే, ఏం కాలే" అనేది. వారం రోజుల్లో నా మోచేతుల మీద తోలు మిగల్లేదు గానీ సైకిల్ వచ్చేసింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ సర్కారు కాగితంలోనూ రాసి ఉండదది. ఒక గూడెంలో పిల్లలకు టీకాలు వేస్తే మర్నాడు ఇంకో ఊరికి పోకూడదు, అక్కడే ఉండాలి. సూది వేసిన తొడ వాస్తుంది, ఒళ్లు కాలుతుంది, పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది. అది మామూలేనని మనకు తెలుసు, తల్లికి తెలియదు. ఆమె వెతుక్కుంటూ వస్తే మనం కనబడాలి. "సూది ఇచ్చుడు రెండు నిమిషాల పని. తెల్లారి కూసునుడే మన నౌకరి" అనేది సిస్టర్. ఆ రోజంతా ఎవరింటి ముందో కూర్చుని పప్పు ఏరేది, ముసలివాళ్ల గోళ్లు కత్తిరించేది. నాకదంతా శుద్ధ దండగ అనిపించేది. ఆ ఒక్క రోజులో ఇంకో గూడెం పూర్తవుతుంది కదా! నాకప్పుడు ఇరవై మూడేళ్లు. జిల్లాలో పిల్లలందరికీ నేనొక్కదాన్నే టీకాలు వేసేయగలనన్నంత ఊపులో ఉన్నాను.

ఆ వానాకాలం ఆమె మీటింగుకు ఉట్నూరు వెళ్తూ ఒక గోండు గూడెం నాకు అప్పగించింది. పదకొండు మంది పిల్లలకు సూదులు వేశాను. మర్నాడు తెల్లవారగానే డబ్బా కట్టుకుని పక్క గూడేనికి పోయాను. డబ్బాలో ఐస్ కరిగేలోగా వాడకపోతే మిగిలిన మందు పాడవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, సిస్టర్ వచ్చేలోగా రెండు గూడేలు పూర్తిచేసి శభాష్ అనిపించుకోవాలని. సాయంత్రం సంబరంగా సబ్ సెంటర్‌కి తిరిగొస్తే పక్కింటావిడ చెప్పింది. మొదటి గూడెం నుంచి మారుబాయి అనే తల్లి ఆరు నెలల కొడుకును భుజాన వేసుకుని వానలో వాగు దాటి వచ్చిందట. పిల్లవాడి ఒళ్లు నిప్పులా కాలుతోందట. తలుపుకు తాళం చూసి, పొద్దు వాలేదాకా సబ్ సెంటర్ అరుగు మీదే కూర్చుని లేచి వెళ్లిపోయిందట.

పిల్లవాడికి ఏమీ కాలేదు, మూడోనాటికి జ్వరం తగ్గింది. కానీ నెల తిరిగి రెండో సూదికి వెళ్తే గూడెంలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. "గా సూది మా పోరలకొద్దు" అన్నాడు ఊరి పటేల్. చుట్టుపక్కల అప్పటికే కోరింత దగ్గు మొదలైంది. ఒక్క సూదితో ఆ దగ్గు ఆగదు. పదకొండు మంది పసివాళ్లు దానికి ఎదురుగా నిలబడి ఉన్నారు, కారణం నేను.

సిస్టర్ తిట్టలేదు. తిడితే బాగుండును. "రేపటి సంది పోయి కూసుందాం" అన్నది, అంతే. డబ్బా తీసుకుపోలేదు. మారుబాయి ఇంటి ఎదుట ఒక మొద్దు మీద ఇద్దరం కూర్చున్నాం. మొదటి రోజు ఎవరూ పలకరించలేదు. రెండో రోజూ అంతే. నేను నిమిషానికోసారి లేచేదాన్ని. పటేల్‌తో మళ్లీ మాట్లాడదామా, దగ్గు సంగతి చెప్పి భయపెడదామా అనేదాన్ని. సిస్టర్ నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

"ఆమె నీ తాళం ముందట ఎంతసేపు కూసున్నదో, గంతసేపన్న కూసో."

నాలుగో రోజు మారుబాయి బయటికి వచ్చింది, కొడుకు చంకలో ఉన్నాడు. సిస్టర్‌ని చూడలేదు, సూటిగా నన్నే చూసింది.

"గా దినం నువ్వెందుకు పోయినవ్ నర్సుబాయి?"

పైనుంచి ఆర్డరొచ్చిందని చెబుదామనుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిస్టర్ సాయం వస్తుందేమోనని చూస్తే ఆమె నేలకేసి చూస్తోంది.

"తొందరపడ్డ అక్కా. ఇంకో గూడెం గుడ జేస్తే మంచిపేరొస్తదని పోయిన. తప్పు నాదే" అన్నాను.

"నా పోరడు సచ్చిపోతుండనుకున్న. అడుగుదామంటె ఎవ్వరు లేరు" అంది మారుబాయి.

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. లోపలికి వెళ్లి చాలాసేపటికి మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. "రేపు సూది తీస్కరా. ఇచ్చినంక ఈడనే ఉండాలె, నా ఇంట్ల" అంది. ఉన్నాను. ఈసారీ పిల్లవాడికి జ్వరం వచ్చింది. తడిగుడ్డతో ఇద్దరం వంతులవారీగా ఒళ్లు తుడిచాం. తెల్లారి పిల్లవాడు కళ్లు తెరిచి పాలు తాగాక, గూడెంలో మిగతా పదిమంది తల్లులూ ఒక్కొక్కరే బిడ్డల్నెత్తుకుని వచ్చారు.

తిరుగుదారిలో ఎత్తు దగ్గర సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్తున్నాం. "మీకు గట్ల కూసునుడు ఎట్ల చేతనైతది సిస్టర్? నాకైతే పానం కొట్టుకుంటది" అని అడిగాను.

"నాకేడ చేతనైతది? నేను గుడ నీ లెక్కనే ఉరికినదాన్ని. నౌకరిల చేరిన మొదటి ఏడు. ఓ తల్లి బిడ్డనెత్తుకొని దేవులాడుకుంట వస్తే నేను దొరకలే. అది సూది జరం గాదు, వేరే జరం. నేనుంటె గుర్తుపట్టి దవాఖానకు తోలుతుంటి. బిడ్డ దక్కలే." సైకిల్ ఆపి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ తల్లి నన్ను ఒక్క మాట అడగలే. నిన్ను అడిగింది. నీ నసీబ్ మంచిది పిల్లా."

సుగుణ సిస్టర్ పోయి నాలుగేళ్లయింది. ఎంత నెమ్మదస్తురాలో అని ప్రార్థనకు వచ్చినవాళ్లందరూ అన్నారు. కానీ ఆమె లోపల ఎంత పరుగు ఉండేదో నాకు తెలుసు. ఆమెలా దాన్ని దాచుకోవడం నాకు రాలేదు. ఈ గదిలో ఇప్పుడు కూడా మోకాలు సలుపుతున్నా లేచి జైనూర్ దారి పట్టాలనే ఉంది. కానీ సూది వేసిన మర్నాడు ఊరు విడిచిపోవడం ఆ తరవాత ఉద్యోగంలో ఒక్కసారీ చేయలేదు. కూర్చున్న ప్రతిసారీ లేచిపోవాలనే అనిపించింది. ప్రతిసారీ ఎవరో ఒక తల్లి వచ్చింది. కొందరు బిడ్డకు జ్వరమని చెప్పడానికి, కొందరు ఊరికే, నేను ఉన్నానో లేదో చూసిపోవడానికి.