మధురపూడిలో ఆగిన విమానం

మా చార్టర్ కంపెనీలో నిజం విమానం ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కంప్యూటర్లలో, ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనే. తెనాలిలో నా మేడగది ఆఫీసు. బాపట్లలో మందుల షాపాయన, రేపల్లెలో రిటైరైన బస్సు డ్రైవరు నా పైలట్లు. ఇంకొందరు అక్కడా ఇక్కడా. దీన్ని ఆట అంటే నాకు మండేది. రూల్సన్నీ నేనే రాశాను. బయట వాతావరణం ఎలా ఉంటే తెర మీదా అలాగే ఉండాలి. మంచులో రన్‌వే కనిపించకపోతే వేరే ఊళ్ళో దిగాలి. విమానాన్ని ఎవరు ఎక్కడ వదిలితే అది అక్కడే ఉంటుంది. తర్వాతివాళ్ళు అక్కడినుంచే తీసుకోవాలి.

జనవరిలో ఒక ఆదివారం గన్నవరం నుంచి తిరుపతికి పెళ్ళివాళ్ళ ట్రిప్పు పెట్టాను. పెళ్ళీ ఉత్తదే, పెళ్ళివాళ్ళూ ఉత్తవాళ్ళే. కానీ నేను నడపడం చూడమని కొత్తవాళ్ళను చాలామందిని పిలిచాను. విమానాన్ని పొద్దున్నే విశాఖ నుంచి గన్నవరం తేవడం రేపల్లె బాబాయ్ పని. ఆయన మంచు చూసి వెనక్కి తిరిగి, దారిలో ఉన్న మధురపూడి ఎయిర్‌పోర్టులో దించి, ఆ సంగతే రిపోర్టులో రాశాడు. దాంతో నా పెళ్ళి ట్రిప్పు ఆగిపోయింది.

గ్రూపు కాల్‌లో అందరూ వింటుండగా అడిగాను.

"ఏంటి బాబాయ్, ఆర్డినరీ బస్సనుకున్నావా, చెయ్యెత్తినచోటల్లా ఆపడానికి?"

"మంచు అబ్బాయ్. రన్‌వే కనపళ్ళా."

"కళ్ళజోడు మార్చుకో. నీకు బస్సే సరి."

"హారన్ కొట్టి చూడాల్సింది బాబాయ్," అన్నాడు బాపట్లాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"సరేనండి సార్," అని ఆయన కాల్ కట్ చేశాడు. మళ్ళీ రాలేదు. విమానమూ మధురపూడిలోనే ఉండిపోయింది.

ఆయన మీద అంత కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ముందు వారం అదే మంచులో నేను గన్నవరంలో దిగాను. తెర మీద వాతావరణం మార్చే మీట నొక్కి, ఆకాశం శుభ్రం చేసుకుని దిగి, మంచులో దిగినట్టు రిపోర్టు రాశాను. అందరూ మెచ్చుకుంటే పుచ్చుకున్నాను. ఆ మీట ఆయన దగ్గరా ఉంది. ఆయన నొక్కలేదు. నా రూల్సు నమ్మిన మనిషినే నలుగురిలో నవ్వులపాలు చేశాను.

నెల తర్వాత రేపల్లె పాసింజరెక్కి వెళ్ళాను. ఆయన వాకిట్లో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. మీట సంగతి చెప్పాను. తలెత్తలేదు.

"నాకెందుకండి చెప్పడం? మీరన్నప్పుడు నేనొక్కణ్ణే విన్నానా?"

"అందరికీ చెబితే కంపెనీ పోద్ది బాబాయ్."

"పోతే పోద్ది. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపా. లేటైందని తిట్టనోడు లేడు. మంచుంటే పక్కకి తీసి ఆపేవాణ్ణి. నా బస్సెక్కినోళ్ళంతా దిగారు."

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తిరుగు రైల్లో, అంత దూరం వెళ్ళినా కరగలేదని ఆయన మీదే మళ్ళీ కోపం. వేమూరు దాటాకగానీ సిగ్గు రాలేదు. ఆదివారం కాల్‌లో మీట సంగతి అందరికీ చెప్పేశాను.

"ఇవా నీ రూల్సు?" అన్నాడు బాపట్లాయన. ఆయనతో పాటు సగంమంది వెళ్ళిపోయారు.

మర్నాడు ఒక రిపోర్టు వచ్చింది. మధురపూడి నుంచి గన్నవరం. గాలి, ఎత్తు, దిగిన టైము, అన్నీ వివరంగా ఉన్నాయి. కింద రెండు వాక్యాలు: "నాకప్పజెప్పిన బండి చేర్చాను. ఇక నా పేరు తీసెయ్యండి."

రెండు రోజులాగి తీసేశాను.